దామలచెరువు తోపులకు కత్తి తెలియదా?

దామలచెరువు పేరెత్తితే చరిత్ర రాసేవాళ్లంతా 1740 దగ్గరే ఆగిపోతారు. రఘోజీ భోంస్లే మరాఠా సేన మన కనుమలో విరుచుకుపడింది, ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖాన్ ఇక్కడే ప్రాణం విడిచాడు. సరే. మరి తరాలుగా ఈ ఊరికి కూడు పెట్టిన మామిడి తోపుల సంగతో? వాటి గురించి రాసిన కొద్దిమందీ ఒక నింద అంటగట్టి పోయారు. చిత్తూరు రైతు మొక్క నాటి వదిలేస్తాడట, కొమ్మ కత్తిరించడం ఉద్యానశాఖ వచ్చి నేర్పిందట. ఆ మాట తప్పు.

మండీల వెనక మిగిలిన పాత బెంగళూరా చెట్ల దగ్గరికి పోయి చూడండి. మాను మీద గుండ్రటి మచ్చలుంటాయి. చుట్టూరా బెరడు కమ్ముకొచ్చి నడిమధ్యకు మూసుకుని ఉంటుంది. గాలికి విరిగిన కొమ్మ అట్లా మానదు. చీలికలోకి వాననీళ్లు దిగి, లోపల పుచ్చి, తొర్ర పడుతుంది. మొద్దు మిగలకుండా, మాను బెరడుకు దెబ్బ తగలకుండా, కొమ్మ మొదట్లో నున్నగా కోస్తేనే గాయం అట్లా పూడుతుంది. నా మటుకు ఆ మచ్చలే శాసనాలు. నిందలు రాసినవాళ్లలో ఒక్కరైనా వాటిని చదివినట్టు లేదు.

కాయ దిగిపోయి నాలుగు వానలు పడ్డాక మా నాయన మచ్చుకత్తి, రంపం తీసేవాడు. ఎండుపుల్లలు, నిరుటి పూతకాడలు, లోపలికి తిరిగి ఎండను అడ్డుకునే కొమ్మలు తీసేవాడు. బదనిక దగ్గర మాత్రం చాలా పట్టుదల. పిట్టలు దాని పండు తిని గింజను కొమ్మకు రాస్తాయి, అది వేరును కొమ్మలోకే దించుతుంది. పైపైన పీకితే మళ్లీ వస్తుందని, అది పట్టిన చోటికి జానెడు కిందనుంచి కొమ్మనే కోసేయమనేవాడు. వినాయక చవితి దాటితే కత్తి ముట్టనిచ్చేవాడు కాదు. మామిడి పూత ముదిరిన రెమ్మ కొసన వస్తుంది. ఆలస్యంగా కోస్తే కొత్త ఇగురు ముదరకముందే చలి వచ్చేస్తుంది, ఆ కొమ్మకు ఆ ఏడు పూత ఉండదు. ఈ లెక్క తెలిసిన మనిషిని కత్తిరింపు తెలియనివాడని ఎట్లా అంటారు?

పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు తోచింది చెబుతాను. ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లకు గొప్ప పేరు. అక్కడ ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఇంకొకటి. మొదటిది కొత్త తీగ కోసం, రెండోది గెల కోసం. ద్రాక్షకు అదే న్యాయం, కత్తెర పడ్డ తీగ ఇగురుతో పాటే గెల వేస్తుంది. ఆ కళ్లతో మామిడి తోపులోకి వస్తే మన రైతు ఏమీ చేయనట్టే కనబడతాడు. అక్టోబరులో ఆ కత్తెర మా చెట్ల మీద ఆడించి ఉంటే ఆ ఏడు మండీకి కాయ వచ్చేది కాదు.

శాఖవాళ్ల ఘనత కాదనను. కొమ్మకు కొమ్మ తగిలి, ఎండ దూరక, కాపు తగ్గిన ముసలి చెట్లను మూడు నాలుగు మీటర్ల ఎత్తున కోసి, గాయాలకు బోర్డో పేస్టు పూసి, వచ్చిన ఇగురులో మంచివి నాలుగు నిలిపి మళ్లీ కాపుకు తేవడం వాళ్లు చూపించిందే. అంత ధైర్యం మా పెద్దలు చేయలేదు. దాన్నిబట్టి అంతకుముందు ఏమీ లేదనడం మాత్రం అన్యాయం.

ఇప్పుడు తొందరెందుకంటే, 2025లో బెంగళూరా ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని లెక్క కట్టారు. ఆ 12 కోసం ట్రాక్టర్లు రోజుల తరబడి గేట్ల ముందు నిలబడ్డాయి. విసిగిపోయిన రైతులు చెట్లే కొట్టేస్తున్నారు. మాను పోతే మచ్చా పోతుంది. పాకాల, చంద్రగిరి బడుల్లోని అయ్యవార్లను అడుగుతున్నాను, పిల్లలతో ఆ మచ్చల ఫొటోలు, కొలతలు తీయించండి. తోపు అమ్ముకునేవాళ్లు రంపం వేయకముందు ఒక్క రోజు ముందుగా చెబితే టేపు పట్టుకుని నేనే వస్తాను.