ఆటలమ్మ, సర్పి: నాడీ సంబంధ సమస్యలు, చికిత్స

ఆటలమ్మను తెచ్చే వేరిసెల్లా జోస్టర్ వైరస్‌ను చర్మానికి పట్టే జబ్బుగానే చూడటం అలవాటైపోయింది. పొక్కులు ఎండి, చెక్కులు రాలి, వేపాకు వేసిన పసుపు నీళ్లతో స్నానం చేయించగానే అంతా అయిపోయిందనుకుంటారు. వైరస్ మాత్రం ఒంటిని వదలదు. స్పర్శ నాడుల మొదట్లో ఉండే గాంగ్లియా అనే నాడీకణాల ముడుల్లో చేరి దశాబ్దాలపాటు నిద్రాణంగా ఉంటుంది. వయసుతోనో జబ్బుతోనో రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడు మళ్లీ లేస్తుంది, అదే సర్పి. ఇంగ్లండ్‌లో జనరల్ ప్రాక్టీషనర్‌గా పనిచేసిన ఎడ్గర్ హోప్-సింప్సన్ 1965లో ఈ వాదాన్ని స్పష్టంగా ముందుంచాడు. మరణించినవారి గాంగ్లియాలలో వైరస్ డీఎన్ఏ దొరకడంతో అది తర్వాత రుజువైంది. సర్పి నడుము చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందన్న భయం మన ఊళ్లలో ఉంది. ఒక ముడిలో లేచిన వైరస్ ఆ నాడి పరుచుకున్న మేరకే పొక్కులు లేపుతుంది, ఆ నాడి ఒంటి మధ్యగీత దాటదు. అందుకే సర్పి దాదాపు ఎప్పుడూ ఒక పక్కనే పట్టీలా ఉంటుంది. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవారిలో ఒళ్లంతా పాకవచ్చు, అది వేరే సంగతి. ఇది ముందుగా నాడుల వైరస్ అని గుర్తిస్తేనే దీని చికిత్స వేళకు అందుతుంది.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే నాడీ సమస్య చిన్నమెదడు వాపు. సుమారు 4,000 ఆటలమ్మ కేసుల్లో ఒకరికి వస్తుందని అంచనా. పొక్కులు లేచిన వారం తర్వాత బిడ్డ నడకలో తూలుతుంది, మాట తడబడుతుంది. చాలామందిలో కొద్ది వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. మెదడువాపు ఇంతకన్నా అరుదు, ఇంతకన్నా ప్రమాదకరం. అందరూ మరిచిపోయేది రక్తనాళాల సంగతి. వైరస్ నాడుల వెంబడి మెదడు ధమనుల గోడల్లోకి చేరితే, ఆటలమ్మ తగ్గిన కొన్ని నెలలకు పిల్లల్లోనూ, కంటి చుట్టూ సర్పి వచ్చిన కొన్ని వారాలకు పెద్దల్లోనూ పక్షవాతం రావచ్చు. అప్పటికి పొక్కుల ఊసు ఎవరికీ గుర్తుండదు. కారణం తెలియని పక్షవాతంలో వెన్నునీటిలో ఈ వైరస్‌కు యాంటీబాడీలున్నాయేమో చూడాలి. వైరస్ డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష ఒక్కటే నెగెటివ్ వచ్చిందని ఆగిపోకూడదు. 1907లో రామ్సే హంట్ వర్ణించిన సమస్యలో చెవిలో పొక్కులు, మూతి వంకరపోవడం కలిసి వస్తాయి. చెవిలోకి చూడకపోతే అది బెల్స్ పాల్సీ అనే మామూలు ముఖ పక్షవాతంగా చెల్లిపోతుంది, యాంటీవైరల్ అందదు.

మెదడువాపుకూ రక్తనాళాల వాపుకూ మందు అసైక్లోవిర్. సాధారణంగా కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 8 గంటలకోసారి నరంలోకి, 10 నుంచి 14 రోజులు ఇస్తారు. మూత్రపిండాలు దెబ్బతినకుండా సెలైన్ చాలినంత ఎక్కించాలి. సర్పికి మాత్రలు సరిపోతాయి, కాని పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. సర్పి తగ్గాక నెలలతరబడి వేధించే నాడీమంటను ఈ మాత్రలు ఆపుతాయన్న ఆధారం గట్టిగా లేదని కొందరు వైద్యులు ఆక్షేపిస్తారు. ఆ మాట నిజమే. అయినా పొక్కులు త్వరగా మానడం, మొదటి వారాల నొప్పి తగ్గడం, కంటికి ముప్పు తగ్గడం చిన్న లాభాలు కావు. మిగిలిన మంటకు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి కొంత ఉపశమనమిస్తాయి. పూర్తిగా పోగొట్టే మందు లేదు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ యాంటీవైరల్ అక్కర్లేదన్న అభ్యంతరం కూడా సరైనదే. అమ్మవారు పోసినప్పుడు మందు వేస్తే తల్లికి కోపం వస్తుందన్న నమ్మకం మాత్రం వేరు. వేపాకు పరచినా, పసుపు పూసినా పెద్ద నష్టం లేదు, ఆలస్యంతోనే నష్టం. తూలుడు, విడవని వాంతులు, మత్తు, మూర్ఛ కనిపిస్తే గంటలు లెక్కలోకి వస్తాయి. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు, కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ రావచ్చు. ఆటలమ్మ టీకా మన జాతీయ టీకాల పథకంలో లేదు గనుక పిల్లల వైద్యుణ్ని అడిగి వేయించుకోవాలి. 2015లో వెలువడిన పెద్ద పరీక్షలో 50 ఏళ్లు దాటినవారికి సర్పి రాకుండా 97 శాతం మేర కాపాడిన రెండు మోతాదుల టీకా 2023 నుంచి భారతదేశంలోనూ దొరుకుతోంది. ధర ఎక్కువే, అయినా ఇంట్లో 50 దాటినవారుంటే దాని గురించి వైద్యుడితో ఒకసారి మాట్లాడండి.