సాక్షిగా నిలిచిన సైనిక పరిచారిక

భీష్మాచార్యుడు శరతల్పగతుడైనపుడు బాణములు పెఱుకుటలో నేర్పరులైన వైద్యులు సాధనములతో వచ్చిరని మహాభారతము చెప్పుచున్నది. రణభూమిలో గాయపడినవానికి ఉపచారము చేయుట మనకు క్రొత్త ధర్మము కాదు. అయినను చరిత్రకారులు గెలిచినవారిని గూర్చియు ఓడినవారిని గూర్చియు వ్రాసినంతగా, కట్లు కట్టినవారిని గూర్చి వ్రాయలేదు. కావున ఒక పరిచారిక చరిత్రమును మన సంఘీయులకు విన్నవింపదలచితిమి.

ఆమె పేరు వివియన్ బుల్‌వింకెల్. 1915వ సంవత్సరమున దక్షిణ ఆస్ట్రేలియాలోని కపుండాలో జన్మించెను. రెండవ ప్రపంచ యుద్ధమున ఆస్ట్రేలియా సైన్యమున నర్సుగా చేరి, మలయా, సింగపూరులలోని సైనిక వైద్యశాలలలో పనిచేసెను. సింగపూరు పతనమునకు మూడు దినములు ముందుగా, 1942 ఫిబ్రవరి 12వ తేదీన, 65 మంది పరిచారికలను వైనర్ బ్రూక్ అను నౌకపై పంపివేసిరి. 14వ తేదీన జపాను విమానములు సుమత్రా చెంత బంకా జలసంధిలో దానిని ముంచినవి. 12 మంది పరిచారికలు సముద్రమున గతించిరి.

22 మంది బంకా ద్వీపమున రాడ్జి తీరము చేరిరి. గాయపడిన పురుషులు, ఇతర స్త్రీలు, శిశువులు అచట కలరు. తిండి లేదు. శత్రువులకు లొంగుటకంటె గతి లేకపోగా, స్త్రీలును శిశువులును ముంటోకు పట్టణమునకు నడచిపోయిరి. పరిచారికలును వారి వెంట పోవచ్చును. కాని గాయపడినవారిని విడువలేక నిలిచిపోయిరి. 16వ తేదీన వచ్చిన జపాను సైనికులు మొదట పురుషులను చంపిరి. పిమ్మట రెడ్‌క్రాసు చిహ్నము దాల్చిన ఆ స్త్రీలను సముద్రములోనికి నడిపించి, వెనుకనుండి మరతుపాకులతో కాల్చిరి. 21 మంది పరిచారికలును, వారితో నిలిచిన ఒక పౌరస్త్రీయు కూలిరి.

వివియన్ నడుముగుండ గుండు దూసిపోయెను. మృతురాలివలె నీట తేలియుండి, సైనికులు వెడలిన పిమ్మట ఒడ్డు చేరెను. గాయపడిన ఆంగ్ల సైనికు డొకడు కనబడగా, తన గాయమును లెక్కింపక సుమారు పండ్రెండు దినము లడవిలో వానికి శుశ్రూష చేసెను. తుదకు ఇరువురును లొంగిపోయిరి. అతడు కొలదికాలములోనే మరణించెను.

లొంగునపుడు ఆమె తన గాయము కనబడకుండ నీళ్లబుడ్డిని అడ్డముగా వ్రేలాడదీసికొనెను. ఏలయన, ఆ ఘోరమునకు సాక్షి యున్నదని తెలిసినచో ఆమె ప్రాణము దక్కదు. చెఱలోనున్న తక్కిన పరిచారికలు విషయమెఱిగియు పెదవి కదపలేదు. ఆకలి, రోగముల నడుమ మూడున్నర సంవత్సరములు ఆ రహస్యము నిలిచెను. చెఱబడిన 32 మందిలో 8 మంది అచటనే మరణింపగా, 1945లో 24 మంది స్వదేశము చేరిరి. అనంతరము ఆమె టోక్యో న్యాయస్థానమున నిలిచి, చనిపోయినవారి పక్షమున సాక్ష్యము చెప్పెను. 2000లో మరణించిన ఆమెకు 2023లో కాన్‌బెర్రా యుద్ధస్మారకమున విగ్రహము నెలకొల్పిరి.

ఓర్పు, మౌనము, సత్యము: వీనిలో ఏది యెపుడు ధర్మమో ఆమె యెఱిగెను. పరిచర్యను తక్కువ పనిగా నెంచువారు మన యిండ్లలో నేటికిని లేకపోలేదు. వైద్యవిద్యకు వేతనము లొసగు మన దాతలు నర్సువిద్య నభ్యసింపగోరు బాలికలనుగూడ ఆదరింతురుగాక యని మా ప్రార్థనము.