వీధి కుక్కను దత్తత తీసుకుంటున్నారా? ఫోస్టర్ ఇంట్లో అదెలా కోలుకుంటుందో ముందు తెలుసుకోండి..

బండి గుద్ది కాలు విరిగిన వీధి కుక్కను ఎవరో చూసి ఫోన్ చేస్తారు. వాలంటీర్లు వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు వేయిస్తారు. కానీ కట్టుతో ఉన్న కుక్కను మళ్లీ రోడ్డు మీద వదల్లేరు. షెల్టర్లలో చూస్తే చోటు ఉండదు. అలాంటప్పుడు దాన్ని కొన్నాళ్లు తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునేవాళ్లనే ఫోస్టర్లు అంటారు. కోలుకుని, శాశ్వతంగా ఉండే ఇల్లు దొరికేదాకా అది వాళ్ల దగ్గరే ఉంటుంది.

మొదటి రెండు వారాలు కీలకం

రోడ్డు మీద నుంచి వచ్చిన కుక్కను కనీసం రెండు వారాలు ఇంట్లోని మిగతా కుక్కలకు దూరంగా, వేరే గదిలో ఉంచాలి. డిస్టెంపర్, పార్వో లాంటి వైరస్ జబ్బులు ఉంటే లక్షణాలు బయటపడటానికి టైమ్ పడుతుంది. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. అందుకే ఆ జబ్బు వచ్చి పోయిన ఇంట్లోకి టీకాలు పడని పిల్లను తీసుకురాకూడదు.

గజ్జి, గోమార్లు దాదాపు మామూలే. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌కు సాధారణంగా నాలుగు వారాల మందుల కోర్సు ఉంటుంది. కుక్క హుషారుగా తిరుగుతోంది కదా అని మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. విరిగిన ఎముక అతకడానికి పెద్ద కుక్కల్లో 8 నుంచి 12 వారాలు పడుతుంది. అన్నాళ్లూ మెట్లెక్కడం, గెంతడం వద్దు.

తిండి విషయంలోనూ జాగ్రత్త ఉండాలి. ఆకలితో ఎండిపోయిన కుక్కకు ఒకేసారి కడుపు నిండా పెట్టకూడదు. రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. ఉడికించిన చికెన్, గుడ్డు, మెత్తటి అన్నం మంచివి. మన ఇళ్లలో మిగిలిన కూర అన్నం పెట్టేస్తుంటారు.. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి.

గాయం మానినా భయం మానదు

చీపురు ఎత్తితే వణకడం, మంచం కిందే ఉండిపోవడం, గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే గుర్రుమనడం.. ఇవన్నీ మొదట్లో కనిపించేవే. ఫోస్టర్లు ఓ మూడు లెక్క చెబుతుంటారు. భయం కాస్త తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతులు తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అని నమ్మడానికి 3 నెలలు. ఇది అంచనా మాత్రమే, ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది.

దత్తత తీసుకున్నవాళ్లు తొందరపడేది ఇక్కడే. ఇల్లు మారగానే ఈ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఫోస్టర్ ఒళ్లో పడుకున్న కుక్కే కొత్త ఇంట్లో మూడు రోజులు అన్నం ముట్టకపోవచ్చు. తలుపు తెరిచి ఉంటే పారిపోనూ వచ్చు. అందుకే మొదటి వారాల్లో బయటికి తీసుకెళ్తే బెల్టు వదలకూడదు.

చట్టం ఏం చెబుతోంది?

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం వీధి కుక్కల దత్తతకు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత దరఖాస్తుదారుడిదే. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ కూడా అదే నెలలో బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. నగరంలో 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ లాంటి సంస్థల ద్వారా కూడా దత్తత తీసుకోవచ్చు.

కొన్ని నెలలు ఇంట్లో పెరిగిన కుక్కను తిరిగి వీధిలో వదిలితే దానికి అక్కడ చోటుండదు. ఆ వీధి కుక్కలు దాన్ని రానివ్వవు. ట్రాఫిక్‌ను తప్పించుకునే అలవాటూ పోయి ఉంటుంది.

ఫోస్టర్‌ను ఇవి అడగండి

* యాంటీ రేబిస్ టీకా వేశారా? తేదీ ఉన్న కార్డు ఇస్తారా? పిల్లలకు మూడు నెలల వయసులో వేయించి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్లు వేయించాలి.
* స్టెరిలైజేషన్ అయ్యిందా? కాకపోతే ఎప్పుడు, ఎవరు చేయిస్తారు?
* పిల్లలు, పిల్లులు, ముసలివాళ్ల దగ్గర ఎలా ఉంటుంది? దేనికి భయపడుతుంది?
* ఒంటరిగా ఎన్ని గంటలు ఉండగలదు?
* మాకు కుదరకపోతే మీరే వెనక్కి తీసుకుంటారా?

కుక్క మంచి గుణాలే చెప్పి, ఇబ్బందులు దాచే ఫోస్టర్ కంటే రెండూ చెప్పేవాళ్లే నయం. మీ వైపు నుంచి కూడా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా, అద్దె ఇల్లయితే ఓనర్‌కు తెలుసా, ఊరెళ్తే ఎవరు చూస్తారు అన్నవి ముందే తేల్చుకోవాలి.

పెద్ద కుక్కలే మిగిలిపోతున్నాయి

బుజ్జి పిల్లలు త్వరగానే వెళ్లిపోతాయి. రెండు మూడేళ్ల దేశీ కుక్కలు, కాలు కుంటేవి, నల్లవి నెలల తరబడి ఎదురుచూస్తుంటాయి. నిజానికి పెద్ద కుక్క ఎంత సైజు పెరుగుతుందో, ఎలాంటి స్వభావమో ముందే తెలిసిపోతుంది. మన ఎండలకూ అది అలవాటు పడి ఉంటుంది. పైగా ఫోస్టర్ ఇంట్లో ఒక్క చోటు ఖాళీ అయితేనే రోడ్డు మీదున్న ఇంకో కుక్కకు చోటు దొరుకుతుంది. దత్తత కుదరనివాళ్లు కనీసం రెండు వారాలు ఫోస్టర్‌గా ఉన్నా ఆ మేరకు ఒక ప్రాణం నిలబడుతుంది.