చివరి దినం, ఈలోపు: పునరుత్థాన విశ్వాసం పుట్టుపూర్వోత్తరాలు

చనిపోయినవారు చివరి దినాన శరీరంతో లేస్తారన్న నమ్మకం క్రైస్తవానికి మూలస్తంభం. అయితే బైబిలు పాత నిబంధనలో చాలాభాగానికి దాని ఊసే తెలియదు. ప్రాచీన హెబ్రీయుల దృష్టిలో రాజూ బంటూ, మంచివాడూ చెడ్డవాడూ చేరేది ఒకే చీకటి లోకానికి. దాని పేరు షెయోల్, తెలుగు బైబిల్లో పాతాళం. అక్కడ శిక్షా లేదు, సుఖమూ లేదు. నీతికి ఫలం దక్కేదేదైనా దీర్ఘాయువుగా, పిల్లాపాపలుగా, పొలం పుట్రగా ఈ బతుకులోనే దక్కాలి. ఎండిన ఎముకలు లేచి నిలబడటాన్ని యెహెజ్కేలు ప్రవక్త చూసిన మాట నిజమే. కానీ ఆ దర్శనం బబులోను చెరలో చితికిపోయిన జాతి మళ్లీ కోలుకోవడం గురించి.

ఈ లెక్క క్రీ.పూ. 2వ శతాబ్దంలో తప్పింది. సిరియా కేంద్రంగా ఏలిన గ్రీకు వంశపు రాజు 4వ అంతియొకస్ క్రీ.పూ. 167లో సున్నతిని, విశ్రాంతిదినాన్ని నిషేధించాడు. ధర్మశాస్త్రాన్ని పాటించినందుకే జనం చావవలసి వచ్చింది. నీతివల్లే ఆయువు తీరిపోతే దేవుని న్యాయం మాటేమిటి? మట్టిలో నిద్రించినవారు కొందరు నిత్యజీవానికి, కొందరు నిందకు మేల్కొంటారని దానియేలు గ్రంథం 12వ అధ్యాయం జవాబిచ్చింది. ఆ గ్రంథం తుదిరూపు దిద్దుకున్నది ఈ హింసాకాలంలోనేనని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. కేథలిక్కుల బైబిల్లో ఉండి, ప్రొటెస్టెంట్ల బైబిల్లో కనిపించని మక్కబీయుల రెండో గ్రంథం మరింత సూటిగా మాట్లాడుతుంది. అందులో ఏడుగురు అన్నదమ్ములను తల్లి కళ్లెదుటే చంపుతారు. మూడోవాడు నాలుక చాపి, చేతులు ముందుకు పెట్టి, ఇవి దేవుడిచ్చినవి, మళ్లీ ఆయన దగ్గరే పుచ్చుకుంటానంటాడు. ఆత్మ ఎక్కడో సుఖంగా ఉంటే అతనికి చాలదు, తెగిన చేతులే తిరిగి రావాలి.

యేసు కాలానికి ఇది యూదుల్లో రచ్చకెక్కిన వివాదం. పరిసయ్యులు పునరుత్థానాన్ని నమ్మారు, ఆలయ పెత్తనం చేతిలో ఉన్న సద్దూకయ్యులు కొట్టిపారేశారు. ఏడుగురు అన్నదమ్ములను ఒకరి తర్వాత ఒకరిగా పెళ్లాడిన స్త్రీ పునరుత్థానంలో ఎవరి భార్య అవుతుందని వాళ్లు యేసును అడిగింది వెటకారంగానే. ఈ విషయంలో ఆయన పరిసయ్యుల పక్షం. శిష్యులు కొత్తగా ప్రకటించింది వేరు: లోకాంతంలో అందరికీ జరగవలసింది ఒక్కరికి ముందే జరిగిపోయింది. దీనికి లిఖితరూపంలో ఉన్న తొలి సాక్ష్యాల్లో ముఖ్యమైనది, సువార్తలకన్నా పాతది, క్రీ.శ. 54 ప్రాంతంలో పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం. పేతురు, పన్నెండుమంది, ఐదువందలకు పైగా సోదరులు, యాకోబు, చివరికి తాను అంటూ లేచిన యేసును చూసినవారిని వరసగా చెప్పుకొస్తాడు. క్రీస్తు లేవకపోతే విశ్వాసమే వ్యర్థమన్నది అతని వాదం. పాపం నుంచే కాక మరణం నుంచి కూడా విడుదల కలిగితేనే అది అతని దృష్టిలో రక్షణ. లేచే దేహం ఎలా ఉంటుందంటే, నాటిన గింజకూ మొలిచే మొక్కకూ ఉన్న పోలిక చెప్పి ఊరుకున్నాడు.

తర్వాతి తరాలు ఊరుకోలేదు. 177లో గాల్ దేశపు లియోన్‌లో హతసాక్షుల శవాలను ఆరు రోజులు బయట పడేసి, కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపేశారు. మళ్లీ లేస్తామన్న ఆశ కూడా వాళ్లకు మిగలకూడదని అలా చేశారట. అలాంటి దేహాన్ని దేవుడు ఎలా కూర్చుతాడు? నరమాంసం తిన్నవాడి ఒంట్లో చేరిన కండ ఎవరిది? వేదాంతి అగస్టీన్ ఇలాంటి ప్రశ్నలను 426 నాటికి ముగించిన 'దేవుని నగరం' చివరి భాగంలో ఓపిగ్గా విప్పాడు. కండ మొదటి యజమానికే చెందుతుంది, పసిపిల్లలు సైతం నిండు యవ్వనంలో లేస్తారు, స్త్రీలు స్త్రీలుగానే లేస్తారు. ఇప్పుడు నవ్వొచ్చినా, శరీరం ఉత్త తొడుగన్న గ్రీకు తత్వానికి లొంగకుండా అతను పడిన పాట్లివి.

అంతకన్నా చిక్కు ప్రశ్న మరొకటి. చివరి దినం ఎంతకీ రాలేదు, మరి ఈలోపు చనిపోయినవారు ఎక్కడున్నట్టు? సుమారు 50లోనే థెస్సలొనీక విశ్వాసులను ఈ దిగులు పట్టుకుంది. 203లో కార్తేజ్ చెరసాలలో ఉన్న హతసాక్షి పెర్పెతువా, ఏడేళ్లకే పోయిన తమ్ముణ్ని దర్శనంలో చూసింది. తొట్టి నిండా నీళ్లున్నా, అంచు ఎత్తుగా ఉండి వాడికి అందడం లేదు. ఆమె ప్రార్థించాక మరో దర్శనంలో అంచు కిందికి దిగింది, వాడు తాగి ఆటకు పరుగెత్తాడు. మృతుల కోసం ప్రార్థిస్తే వారికి మేలన్న భావన అప్పటికే ఉందన్నమాట. 1000 ప్రాంతంలో ఒడిలో అనే క్లూనీ మఠాధిపతి నవంబరు 2ను మృతుల స్మరణ దినం చేశాడు. చిన్న పాపాలతో పోయిన ఆత్మలు శుద్ధిపొందే ఉత్తరించు స్థలం గురించిన బోధను 1274లో రెండో లియోన్ మహాసభ అధికారికంగా పేర్కొంది.

పోపులకు సైతం ఈ మధ్యకాలం కొరకరాని కొయ్యే అయింది. పునీతులైనా అంతిమ తీర్పు దాకా దేవుణ్ని ముఖాముఖి చూడరని 22వ యోహాను పోపు 1331లో అవిన్యోన్‌లో ప్రసంగించి దుమారం లేపాడు. 1334లో మరణశయ్య మీద ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. శుద్ధులైన ఆత్మలకు ఆ దర్శనం వెంటనే దొరుకుతుందని తర్వాతి పోపు 12వ బెనెడిక్ట్ 1336లో తేల్చాడు. దాంతో చివరి దినం పోలేదు గానీ, జనం మనసులో వెనక్కి జరిగింది. చావగానే ఏమవుతుందన్నదే పెద్ద ప్రశ్న అయి కూర్చుంది.

ఆ ప్రశ్న చుట్టూ డబ్బు చేరాక గొడవ ముదిరింది. ఉత్తరించు స్థలంలో శిక్షను తగ్గిస్తాయన్న పాపపరిహార పత్రాల అమ్మకంపై 1517లో సంస్కర్త లూథర్ మొదలుపెట్టిన తగవు చివరికి ఉత్తరించు స్థలాన్నే ప్రొటెస్టెంట్లు తోసిపుచ్చేదాకా వెళ్లింది. చనిపోయినవారు చివరి దినం దాకా నిద్రలో ఉంటారని లూథర్ పలుచోట్ల రాస్తే, ఆత్మ నిద్రపోదంటూ మరో సంస్కర్త కాల్విన్ ఒక పుస్తకమే రాశాడు. కేథలిక్కుల ట్రెంట్ మహాసభ 1563లో పాత బోధనే ఖాయం చేసింది. తూర్పు ఆర్థొడాక్స్ సంఘాలు మృతుల కోసం ప్రార్థిస్తాయి, శుద్ధిచేసే అగ్నిని మాత్రం ఒప్పుకోవు. ఈ చీలిక జాడ తెలుగు నేల మీదా ఉంది. కేథలిక్కులు నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, మృతుల ఆత్మల కోసం పూజలు చేయిస్తారు. ప్రొటెస్టెంట్లు చాలాచోట్ల ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల దగ్గర చేరి పునరుత్థాన ఆరాధన జరుపుకుంటారు. ఈస్టరు వేకువ ఆరాధనకు 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ యువకులు శ్మశానంలో జరిపినదే నాంది అంటారు.

దహనం విషయంలోనూ పాత భయం చాలాకాలం నిలిచింది. పునరుత్థానాన్ని ఎగతాళి చేసేందుకు కొందరు దహనాన్ని ప్రచారం చేస్తున్నారన్న కోపంతో రోములోని కేథలిక్ పీఠం 1886లో దాన్ని నిషేధించి, 1963లో సడలించింది. చితాభస్మాన్ని చల్లకూడదని, ఇంట్లో దాచుకోకూడదని 2016లో నియమం పెట్టింది. కొద్దిపాటి భాగాన్ని ఆ వ్యక్తి జీవితంతో ముడిపడిన చోట ఉంచుకోవడానికి స్థానిక సంఘాధికారులు అనుమతి ఇవ్వవచ్చని 2023 డిసెంబరులో ఒక మెట్టు దిగింది.