గొలుసుకు కిరసనాయిలు స్నానం

సైకిల్ షాపు ముందు కాసేపు నిలబడ్డ ఎవరికైనా ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. సీటు మీదా హ్యాండిల్ మీదా తలకిందులుగా నిలబెట్టిన సైకిలు. పక్కన పైభాగం కోసేసిన రేకు డబ్బా. అందులో నాలుగు వేళ్ల లోతున నీలి కిరసనాయిలు. మేస్త్రీ చైను లాకు ఊడదీసి, చైనును చుట్ట చుట్టి డబ్బాలో వేస్తాడు. చూస్తుండగానే నీలం పోయి టీ రంగు వస్తుంది, తర్వాత డికాక్షన్ రంగు, చివరకు సిరా నలుపు. పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, పైకెత్తి ఆడిస్తే, ఇందాకటి దాకా బిర్రుగా ఉన్న కణుపులు జలజలా జారిపోతాయి.

ఈ పనికి షాపుల్లో ఒక పేరుంది: ‘ఓవరాయిలింగ్’. అసలు మాట ఓవర్‌హాలింగ్. అంటే విప్పి, చూసి, బాగుచేసి, మళ్లీ బిగించడం. మన నోట పడ్డాక అందులోకి ఆయిలు వచ్చి చేరింది. ఉచ్చారణ మారినా అర్థం చెడలేదు. గొలుసు సంగతిలో ఆయిలే అసలు కథ. ఒక ఆయిలు కడుగుతుంది, ఇంకొకటి కాపాడుతుంది. ఈ రెండింటి తేడా తెలియకపోవడం వల్లనే చాలా గొలుసులు అకాలంగా పాడవుతున్నాయి.

గొలుసు ఎలా వచ్చింది?

పలకలను మేకులతో కలిపి గొలుసు చేయవచ్చన్న ఊహ పాతదే. 1490లలో లియొనార్డో డావిన్చీ తన నోటు పుస్తకాల్లో అలాంటి గొలుసుల బొమ్మలు గీశాడు. 1829లో ఫ్రాన్స్‌లో ఆంద్రే గాల్ పిన్నులతో కూర్చిన గొలుసుకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు మన సైకిలుకున్న గొలుసుకు మాత్రం మూలపురుషుడు హాన్స్ రెనాల్డ్. ఈ స్విట్జర్లాండ్ ఇంజినీరు ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో స్థిరపడి, 1880లో బుష్ రోలర్ చైనుకు పేటెంటు పొందాడు.

అప్పటికి రోడ్ల మీద తిరుగుతున్నవి ముందు పెద్ద చక్రం, వెనక బుల్లి చక్రం ఉన్న సైకిళ్లు. వాటి పెడళ్లు ముందు చక్రపు ఇరుసుకే ఉండేవి. గొలుసు లేదు కనుక కడిగే పనీ లేదు. కానీ మనిషి ఎత్తున కూర్చోవాలి, పడితే తల పగలాలి. 1885లో కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన ‘రోవర్’ ఈ బెడద తీర్చింది. రెండు చక్రాలూ దాదాపు సమానం, పెడళ్లు మధ్యలో, వెనక చక్రానికి గొలుసు. నేటి సైకిలు ఆకారం అదే.

భద్రత వచ్చింది గానీ దానితో పాటు ఒక చాకిరీ కూడా వచ్చింది. అంత సున్నితమైన ఉక్కు యంత్రం నేలకు జానెడు ఎత్తున, దుమ్ములో, బురదలో తిరగడం మొదలైంది. తయారీదారులు కూడా ఈ మురికితో అవస్థపడ్డారు. ఇంగ్లండులో సన్‌బీమ్ కంపెనీ గొలుసును పూర్తిగా మూసిన పెట్టెలో పెట్టి, ‘చిన్న ఆయిల్ బాత్’ అని పేరు పెట్టి అమ్మింది. అమెరికాలో 1890ల చివర కొలంబియా కంపెనీ గొలుసే లేని, పళ్ల చక్రాలతో నడిచే సైకిలు తెచ్చింది. అది ఎంతో కాలం నిలవలేదు. గొలుసే గెలిచింది.

మురికి దాక్కునే చోటు

గొలుసును కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. పిన్నుకీ పిన్నుకీ మధ్య సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. పక్కల పలకలు. పలకలను కలుపుతూ పిన్ను. పిన్ను మీద గొట్టంలాంటి బుష్షు. బుష్షు మీద గిరగిరా తిరిగే రోలరు. ఒక్క సైకిలు గొలుసులో ఇలాంటి కణుపులు నూటికి పైగా ఉంటాయి.

చేతికి అంటే నల్లటి మడ్డి పలకల పైన ఉంటుంది. అది చూడ్డానికి అసహ్యమే గానీ, అసలు హాని దానిది కాదు. పిన్నుకూ బుష్షుకూ మధ్య వెంట్రుకంత సందులోకి ఇసుక రేణువు దూరితే, అది నూనెలో కలిసి సానరాయి పిండిలా పనిచేస్తుంది. తొక్కిన ప్రతిసారీ పిన్ను కొంచెం అరుగుతుంది. ఒక్కో కణుపు దగ్గర అరుగుదల కంటికి కనిపించదు. నూటికి పైగా కణుపుల్లో కలిస్తే గొలుసు పొడవు పెరుగుతుంది. దాన్నే మనం ‘చైను సాగింది’ అంటాం. నిజానికి ఉక్కు సాగలేదు, అరిగింది.

1999లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరు జేమ్స్ స్పైసర్ బృందం సైకిలు గొలుసులను పరీక్షించింది. అనుకూలమైన పరిస్థితుల్లో, తొక్కిన శక్తిలో 98.6 శాతం వెనక చక్రానికి అందింది. ఇంకో ఆశ్చర్యం: శుభ్రమైన ప్రయోగశాలలో నూనె వేసినా వేయకపోయినా శక్తి నష్టంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ప్రయోగశాలలో లేనిది, మన రోడ్డు మీద ఉన్నది ఒక్కటే: దుమ్ము. నూనె ముఖ్యంగా చేసేది గొలుసును అరగకుండా, తుప్పు పట్టకుండా కాపాడడం.

దీపం నూనె గొలుసు దగ్గరికి

కిరసనాయిలు పుట్టింది దీపం కోసం. 1846లో కెనడా భూగర్భ శాస్త్రవేత్త ఏబ్రహాం గెస్నర్ బొగ్గు నుంచి తీసిన నూనెతో దీపం వెలిగించి చూపించాడు. మైనం అనే అర్థమున్న గ్రీకు మాట ‘కీరోస్’ నుంచి దానికి కిరోసిన్ అని పేరు పెట్టాడు. 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ బావి తవ్వాక, ముడి చమురు నుంచి కిరసనాయిలు తీయడం చవకైపోయింది. స్టార్లీ సైకిలు వచ్చేనాటికి కిరసనాయిలు దేశదేశాల ఇళ్లలో ఉంది. సైకిలు ముందు వేలాడే దీపాల్లో కూడా అదే వెలిగేది. అదే సీసాలోంచి గుడ్డ మీద నాలుగు చుక్కలు ఒంపుకుని గొలుసు తుడవడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు.

అది ఎందుకు పనిచేస్తుందంటే, నూనె జిడ్డును నూనెజాతి ద్రవమే కరిగిస్తుంది. గ్రీజూ కిరసనాయిలూ రెండూ ఒకే ముడి చమురు బిడ్డలు. పలచని చెల్లెలు చిక్కని అక్కను తనలో కలిపేసుకుంటుంది. పట్టు వదిలిన ఇసుక అడుగుకు చేరుతుంది. కడగడం అయ్యాక డబ్బాను కదపకుండా ఉంచి ఎండలో వంచి చూస్తే, అడుగున సన్నని ఉక్కు పొడి మిలమిలా మెరుస్తుంది. అది గొలుసు ఒంటి నుంచి అరిగిపోయిన ముక్క.

ఆనాటి ఇంగ్లండు సైకిలిస్టులు గొలుసును కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, కరిగిన పశువుల కొవ్వులో గ్రాఫైటు పొడి కలిపి అందులో ముంచేవారు. మన ఊళ్లలో బండి ఇరుసుకు పెట్టిన కందెన కూడా ఇదే తర్కంతో పుట్టింది. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపేవారు. మసి జారుడునిస్తుంది, ఆముదం దాన్ని పట్టి ఉంచుతుంది. రెండు దేశాల వాళ్లూ ఒకే చోటికి చేరుకున్నారు.

1894లో అమెరికాలోని న్యూజెర్సీలో జార్జ్ కోల్ అనే ఆయన సైకిళ్ల కోసమే ఒక పలచని నూనె తయారుచేశాడు. శుభ్రం చేయడం, జారుడునివ్వడం, తుప్పు ఆపడం అనే మూడు పనులూ ఒకే సీసాలో ఉన్నాయని ‘త్రీ ఇన్ వన్’ అన్నాడు. కుట్టుమిషన్లకూ తలుపు బందులకూ చేరిన ఆ నూనె పుట్టుక సైకిలు గొలుసు దగ్గరే.

పెట్రోలుది ఇంకో దారి. దీపంలో పోస్తే భగ్గుమంటుందని దాన్ని మొదట్లో ఎవరూ పెద్దగా కోరుకోలేదు. ఆ జాతి తేలికపాటి ద్రవాలు మందుల షాపుల్లో బట్టల మరకలు తీయడానికి దొరికేవి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో భర్త తయారుచేసిన కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోక్ ఊళ్లోని మందుల షాపులో లిగ్రోయిన్ కొంది. అది మరకలు తీసే ద్రవమే. ఆ కారుకు కూడా గొలుసులే. అవి ఇబ్బంది పెడితే దారిలో ఒక కమ్మరి సరిచేశాడు.

మన గడపలోకి

కిరసనాయిలు మన దగ్గరికి నాలుగు గ్యాలన్ల రేకు డబ్బాల్లో వచ్చింది. నూనె అయిపోయాక ఆ డబ్బాలు నీళ్లు మోశాయి, ధాన్యం దాచాయి, సైకిల్ షాపుల్లో సగానికి కోయించుకుని గొలుసుల స్నానాల తొట్లయ్యాయి. తెలంగాణలో గ్యాసునూనె అన్నా, కోస్తాలో కిరసనాయిలు అన్నా వస్తువు ఒకటే. అంబత్తూరులో 1949లో టీఐ, సోనీపట్‌లో 1951లో అట్లాస్, లుధియానాలో 1956లో హీరో మొదలయ్యాక సైకిలు సామాన్యుడి బండి అయింది. పాలవాడికీ, పోస్టుమనిషికీ, బడిపంతులికీ ఇంట్లో సైకిలుంది, కిరసనాయిలూ ఉంది. ఆదివారం పొద్దున వసారాలో పాత గుడ్డ పరిచి సైకిలు తుడుచుకోవడం ఎన్నో ఇళ్లలో ఒక ఆచారమైంది. రేషను కిరసనాయిలు కల్తీకి పోకుండా ప్రభుత్వం నీలం రంగు కలపడంతో, గొలుసు మడ్డి కూడా నీలి నీళ్లలోంచే నల్లబడడం ఒక తరం చూసింది.

ఆ తర్వాత వంటింట్లోకి గ్యాసు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల. పొగ లేని వంటిల్లు ఆడవాళ్ల ఊపిరితిత్తులకు మేలు చేసింది, అందులో సందేహం లేదు. ఆ క్రమంలో కిరసనాయిలు ఇల్లు వదిలింది. దాని చోటులో గొలుసు కడగడానికి చేతికందినదల్లా వాడడం మొదలైంది. ఇక్కడే జాగ్రత్త కావాలి.

ఏది మంచిది, ఏది చెరుపు?

పెట్రోలు వద్దు. అది సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా మంట అందుకోగల ఆవిరి వదులుతుంది. ఫ్యాను స్విచ్చు వేసినప్పటి నిప్పురవ్వ చాలు. కిరసనాయిలుకు మన దేశ ప్రమాణం ప్రకారం ఆ హద్దు కనీసం 35 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ ఆ హద్దు దాటేస్తుందని మరవద్దు. కాబట్టి అది కూడా పొద్దున చల్లటి వేళ, ఆరుబయట, పొయ్యికి దూరంగానే. డీజిలు కడుగుతుంది గానీ ఆరదు, దాని జిడ్డు మళ్లీ దుమ్మును పిలుస్తుంది. థిన్నరు ఆవిరి తలకెక్కుతుంది. బాత్రూము యాసిడ్ అసలే వద్దు. అది తుప్పు తీసినట్టే తీసి, గట్టిపరచిన ఉక్కును పెళుసు చేస్తుంది. పలక ఎక్కడో ఎత్తు ఎక్కేటప్పుడు పుటుక్కుమంటుంది.

ఇవేవీ లేకపోతే గిన్నెలు తోమే సబ్బు ద్రవం, వేడినీళ్లు, బ్రష్షు చాలు. కాకపోతే వెంటనే కడిగి, తుడిచి, ఎండబెట్టాలి. తడి గొలుసును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు పట్టవచ్చు.

కడిగాక కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. పల్లీనూనె, నువ్వులనూనె గాలికి బంకలా మారతాయి. కుట్టుమిషను నూనె మేలు, సైకిలు గొలుసు నూనె దొరికితే ఇంకా మేలు. గొలుసు సంగతి నిజంగా తెలుసుకోవాలంటే అడుగు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యన సున్నా పెట్టి కొలవండి. కొత్త గొలుసులో 12 అంగుళాల గీత మీద సరిగ్గా ఇంకో పిన్ను ఉంటుంది. అది ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే గొలుసు మార్చాలి. మూడు దాటితే ఫ్రీవీలు పళ్లు కూడా అరిగాయన్నమాట. ఇక ఏ స్నానమూ దాన్ని బతికించదు.

ఈ రోజుల్లో పందేలు తొక్కేవాళ్లు చాలామంది గొలుసును పూర్తిగా జిడ్డు తీసి, కరిగిన మైనంలో ముంచి వాడుతున్నారు. గట్టిపడిన మైనానికి దుమ్ము అంటదు. పేరులోనే మైనాన్ని దాచుకున్న కిరోసిన్‌తో కడిగిన గొలుసు చివరికి మైనం దగ్గరికే చేరింది.

కడిగిన గొలుసు తళతళలాడుతుంటే పని అయిపోయిందనుకోకండి. అప్పటికి సగమే అయింది. కిరసనాయిలు మురికితో పాటు లోపలి నూనెను కూడా పట్టుకుపోతుంది. గొలుసు పూర్తిగా ఆరాక రోలరుకు ఒక్కో చుక్క చొప్పున నూనె వేసి, పెడలు వెనక్కి తిప్పి, పలకల పైన మిగిలింది పొడి గుడ్డతో తుడిచేయండి. నల్లబడ్డ కిరసనాయిలును కాలవలో పారబోయకండి. మడ్డి అడుగుకు దిగాక పైది వంచుకుంటే ఇంకో నాలుగుసార్లు వస్తుంది. దాన్ని మాత్రం మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోసిపెట్టకండి. దప్పికేసిన పసివాడికి ఆ తేడా తెలియదు.