శాబాష్‌లో ఉన్న దుఆ



సంక్రాంతి రోజుల్లో మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఒంగోలు గిత్తలు బండను కదిలించగానే జనం నోట వచ్చే మాట ‘శభాష్!’ అలా అరిచేవాళ్లలో ఉర్దూ రానివాళ్లే ఎక్కువ. తెలుగు ఈ లఫ్జ్‌కు ‘శ’, ‘భ’ తొడిగి ఇంటి బిడ్డను చేసుకుంది. చూడగానే శుభానికి చుట్టమేమో అనిపిస్తుంది.

అసలు ఇది ఫార్సీ మాట. ‘షాద్’ అంటే సంతోషంగా, ‘బాష్’ అంటే ఉండు. రెండూ కలిసి శాబాష్. అంటే ‘ఖుషీగా ఉండు’ అని. మన షాదీ, షాదీఖానా, దిల్‌షాద్ అన్నీ ఆ ఖాందాన్‌వే. ఇరాన్‌లో ఇవాళ్టికీ షాద్‌బాష్ అంటే ముబారక్‌బాద్.

గెలుపుకు వేరే మాట ఉంది: ఫతహ్. మనం ఫతే అంటాం. అరబీలో దాని మూలార్థం తెరవడం. ఖురాన్‌ను తెరిచే సూరా ఫాతిహా అయింది, తాళంచెవి మిఫ్తాహ్ అయింది. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. ఆ గెలుపును గుర్తుచేస్తూ కోటకు ఫతే దర్వాజా మిగిలింది.

గోల్కొండ సుల్తానుల కాలంలో మన కొండవీడు సీమ ముర్తజానగర్ అయింది. నవాబుల దఫ్తర్ల నుంచి రైతు, జిల్లా, కిస్తు, ఫసలీ, ఖరీఫ్, రబీ మన పొలాల్లోకి వచ్చాయి. సుల్తానులు పోయారు, ముర్తజానగర్ పేరూ పోయింది. మాటలు మాత్రం ఉండిపోయాయి. ఫతే కోట గుమ్మం దగ్గర ఆగింది, శాబాష్ కల్లం దాకా నడిచొచ్చింది.

కానీ ఇప్పుడు మనం శాబాష్‌ను గెలిచినవాళ్లకే దాచిపెడుతున్నాం. మిర్చికి రేటు పలికితే శాబాష్, పిల్లాడికి ర్యాంకు వస్తే శాబాష్. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని తినేసింది. కౌలుకు తీసుకుని, అప్పు తెచ్చి, పైరును చేతులారా దున్నేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల భుజం తట్టి ఆ మాట ఎవరన్నారు? అంటే ఎగతాళి అనుకుంటారని మనకు భయం. లఫ్జ్ అర్థం మరిచిపోయాం కాబట్టే ఆ భయం.

శాబాష్ ఇనాం కాదు, దుఆ. కష్టంలో ఉన్నవాడికే దుఆ ముందు కావాలి. ఈసారి ఇంట్లో పరీక్ష తప్పిన బిడ్డ తల వంచుకుని నిలబడితే, దగ్గరికి తీసుకుని శాబాష్ అనండి. అర్థం కూడా చెప్పండి.