టవర్ ఉంది, నెట్ లేదు: పింగ్ పుట్టిన కథ

మా కె.గంగవరం మండలంలో కోటిపల్లి రేవు ఉంది, మీలో కొందరు అక్కడ పడవెక్కే ఉంటారు. ఇవతల గట్టున నిలబడితే ముక్తేశ్వరం వైపు గట్టు కనిపిస్తూనే ఉంటుంది. గౌతమికి వరదొచ్చి పడవలు ఆపేశారనుకోండి, అప్పుడూ కనిపిస్తుంది, వెళ్ళడమే కుదరదు. మీ ఫోన్లో సిగ్నల్ గీతలు కూడా ఇంతే. అవి అవతల గట్టు కనిపిస్తోందని చెబుతాయి, పడవ నడుస్తోందో లేదో చెప్పవు.

2022 మే 24 మీకు గుర్తుండే ఉంటుంది. జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలయ్యాయి, కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రాజకీయం ఈ ఎపిసోడ్‌లో మన విషయం కాదు. కోవిడ్ తర్వాత ఇంటి నుంచే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్ల మీదికి, యానాం వైపుకి సిగ్నల్ వెతుక్కుంటూ వెళ్ళారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇలా డేటా ఒక్కటే ఆపినప్పుడు టవర్ బతికే ఉంటుంది, గీతలూ నిండుగా ఉంటాయి. మరి అవతలి కంప్యూటర్ అందుతోందో లేదో తెలిసేదెలా?

దీనికి జవాబు 1981 సెప్టెంబర్‌లోనే కాగితం మీద ఉంది. జాన్ పోస్టెల్ రాసిన ఐసీఎంపీ నియమాల్లో ఎకో అని ఒకటి పెట్టారు. ఇటు నుంచి ఎనిమిదో రకం కబురు పంపితే, అటు నుంచి అదే సరుకు సున్నా రకం జవాబుగా తిరిగి రావాలి. మన పోస్టాఫీసులో పాతకాలం రిప్లై కార్డు చూశారా? జవాబు రాయడానికి రెండో కార్డు జతచేసి పంపేవారు. దాదాపు అదే పద్ధతి.

దాన్ని అందరూ వాడే పనిముట్టుగా చేసింది మైక్ మూస్. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో పని. 1983 డిసెంబర్‌లో అక్కడి నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే, అంతకుముందు డేవ్ మిల్స్ చెప్పిన ఆలోచన గుర్తొచ్చి, ఒక్క సాయంత్రంలో ప్రోగ్రాం రాసేశాడు. జలాంతర్గాములు వాడే సోనార్ శబ్దం మీద ‘పింగ్’ అని పేరు పెట్టాడు. తర్వాత ఒకాయన పింగ్ జవాబు వచ్చినప్పుడల్లా స్పీకర్‌లో ‘పింగ్’ అని అరిచేలా పెట్టి, భవనమంతా తిరుగుతూ ఒక్కో కేబుల్ కనెక్టరూ కదిపి చూశాడు. అరుపు ఎక్కడ ఆగితే అక్కడ వదులుందన్న మాట! నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే. మన దగ్గర జనానికి ఇంటర్నెట్ ఇంకా చాలా ఆలస్యంగా, 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది.

యాప్‌లు రాసేవాళ్ళకి ఇక్కడే చిక్కు మొదలైంది. జావాలో ఈజ్‌రీచబుల్ అని ఒక ఫంక్షన్ ఉంది, పేరు చూసి చాలామంది నమ్మేస్తారు. దానికి ఐసీఎంపీ పంపే అనుమతి ఉంటే పంపుతుంది, లేకపోతే అవతలి కంప్యూటర్ ఏడో నంబర్ టీసీపీ పోర్ట్ తలుపు కొడుతుంది. లోపలి నుంచి ‘తియ్యం పొమ్మని’ కసిరినా మనిషి ఉన్నట్టే లెక్క, అవునని చెబుతుంది. కానీ ఫైర్‌వాల్ ఆ కబురుని చప్పుడు కాకుండా మింగేస్తే లేదంటుంది. అదే సమయంలో అదే సర్వర్‌లో వెబ్‌సైట్ శుభ్రంగా తెరుచుకోవచ్చు!

ఆండ్రాయిడ్ కొంత నయం. గూగుల్ చిరునామా ఒకదానికి చిన్న విన్నపం పంపి, 204 అనే ఖాళీ జవాబు వస్తేనే ఈ నెట్‌వర్క్‌లో నిజంగా ఇంటర్నెట్ ఉందని గుర్తిస్తుంది. వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం కనిపిస్తే ఆ జవాబు రాలేదని. అయితే గూగుల్ పలికినంత మాత్రాన మీ బ్యాంకు సర్వర్ పలుకుతుందని హామీ ఏమీ లేదు. పైగా చూసిన క్షణంలో ఉన్న నెట్ మరుక్షణం పోవచ్చు. అందుకే ముందు పింగ్ కొట్టి తర్వాత పని మొదలుపెట్టే యాప్ కంటే, కావలసిన సర్వర్‌కే అసలు విన్నపం పంపి, గడువు పెట్టుకుని, జవాబు రాకపోతే ఏం చెయ్యాలో ముందే రాసుకున్న యాప్ మేలంటాను.

ఇప్పుడు డబ్బుల సంగతి. కొట్టు దగ్గర స్కాన్ చేసి పంపారు, చక్రం తిరుగుతోంది, జవాబు లేదు. మీ కబురు వెళ్ళలేదా, లేక వెళ్ళి పని అయిపోయి జవాబు మాత్రమే దారిలో పడిపోయిందా? ఇటు కూర్చున్న ఫోన్‌కి రెండూ ఒకేలా ఉంటాయి. పింగ్ కూడా ఈ తేడా చెప్పలేదు. పద్ధతిగా రాసిన యాప్ అయితే ప్రతి చెల్లింపుకీ ఒక నంబర్ ఇచ్చి, మళ్ళీ అడిగేటప్పుడు అదే నంబర్‌తో అడుగుతుంది. సర్వర్ ఆ నంబర్ చూసి ‘ఇది ఇందాకే అయిపోయింది’ అంటుంది, డబ్బు రెండుసార్లు పోదు. మీరు వెనక్కొచ్చి కొత్తగా స్కాన్ చేస్తే మాత్రం అది కొత్త నంబర్, కొత్త చెల్లింపు. కాబట్టి ‘పెండింగ్’ అని కనిపిస్తే కొట్టాయనకి ఓ మాట చెప్పి, హిస్టరీలో ఆ పాత నంబర్ ఏమైందో చూసుకోండి.